గోదాము లిఫ్టు లాగ్‌బుక్

పదీ ఇరవై రెండుకి లాగ్‌బుక్ పోయిందని తేలింది.

ఐదో కోర్టు గుమాస్తా ఫైలు బోర్లించి చూశాడు. లేదు. విజిలెన్స్ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాడు. ఆవిడ మూడు నిమిషాల్లో వచ్చి మెట్ల దగ్గర గేటు వేయించింది.

"ఏం పుస్తకం?"

"గోదాములో సరుకుల లిఫ్టుది మేడమ్. రెండేళ్ళ కిందట తీగ తాడు తెగి కూలింది. ఆపరేటర్ పోయాడు. హెల్పరుగా లోపలే ఉన్న అతని తమ్ముడికి మోకాలి కింద కాలు పోయింది."

"కేసు ఎవరిది?"

"రెండు కేసులు. ఆపరేటర్ భార్య గోదాము యజమాని మీద మూడో కోర్టులో వేసింది. తమ్ముడు లిఫ్టు కంపెనీ మీద ఇక్కడ వేశాడు. అక్కడ యజమాని తప్పు కంపెనీదంటాడు. ఇక్కడ కంపెనీ తప్పు యజమానిదంటుంది. ఇద్దరూ కలిసి చచ్చిపోయినవాణ్ణి తిడతారు. రెండూ కలిపి విచారించమని ఆపరేటర్ భార్య పిటిషన్. పదకొండింటికి వాదనలు."

"కలుపుతారా?"

"ఒకే ప్రమాదం, అవే సాక్షులు, తేల్చాల్సింది ఒకటే. విడిగా నడిస్తే ఒక తీర్పు ఇంకోదాన్ని కాదంటుంది. కలిపే అవకాశమే ఎక్కువ."

లాగ్‌బుక్ ప్రమాదం రోజు నుంచీ లేబర్ ఆఫీసులో ఉంది. నిన్ననే సమన్ల మీద వచ్చింది. ఈ ఉదయం ఫైలు చూసినవాళ్ళు ముగ్గురు. గోదాము మేనేజర్, కంపెనీ ఇంజనీరు, తమ్ముడు. మేడ దిగి ఎవరూ వెళ్ళలేదు.

పదీ నలభైకి ముగ్గురినీ గుమాస్తా గదిలోకి పిలిచారు. తమ్ముడి వెంట అతని వదిన, ఆపరేటర్ భార్య, కూడా వచ్చింది. సంచులు వెతికారు. చొక్కాలు తడిమారు. పుస్తకం మూరెడు పొడవు, గట్టి అట్టలు. దొరకలేదు.

"మీరెందుకు చూశారు?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"మా లాయరు చూడమన్నాడు" అన్నాడు మేనేజర్.

"మీరు?"

"నా సంతకాలున్నాయి కదండీ" అన్నాడు ఇంజనీరు. "నేను చూసి ఇచ్చేశాను."

వదిన మరిది వైపు కుర్చీ లాగింది. "కూర్చో. ఎంతసేపు నిలబడతావ్?"

"పర్లేదు వదినా."

"పావుగంట నిలబడితే కాలు నొప్పంటాడు మేడమ్. పొద్దున బెంచీ మీదే ఉన్నాడు."

ఇన్‌స్పెక్టర్ అతని ముఖంలోకి చూసింది. ముగ్గురినీ వెతికిన కానిస్టేబుల్ అతన్ని నడుము దాకే తడిమి వదిలేశాడు. తనూ అటు చూడలేదు. కాలు లేనివాణ్ణి తడమడానికి అందరికీ మొహమాటం.

"బాబూ, ఒక్కసారి కూర్చోండి" అంది మెల్లగా.

అతను కూర్చోలేదు. గోడకి ఆనుకుని ప్యాంటు పైకి లాగాడు. కట్టుడు కాలి వెనక, తొడ దాకా, పట్టీతో కట్టిన పుస్తకం.

మేనేజర్ ఊపిరి పీల్చుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ప్రమాదం రోజు పేజీ తీసింది.

"ఉదయం ఎనిమిది. ఖాళీ లిఫ్టు నడిపి చూశాను, ఓకే. కింద ఆపరేటర్ సంతకం."

వదిన వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది మీ అన్నయ్య రాత కాదు."

"అన్నయ్య లేటయ్యాడు వదినా" అన్నాడతను నేల చూస్తూ. "నేనే రాశాను. నడిపి చూడలేదు. రెండు కోర్టులుంటే ఈ పుస్తకం నీ కంటపడదనుకున్నాను."

"పరీక్ష చేయకుండా రాశాడని వీళ్ళు పోయిన మీ అన్నయ్యని కోర్టులో కడిగేశారు. రెండేళ్ళు. నువ్వు నా పక్కనే కూర్చున్నావు."

అతను ప్యాంటు కిందికి లాక్కున్నాడు.

ఇన్‌స్పెక్టర్ పేజీలు వెనక్కి తిప్పింది. పన్నెండు రోజుల ముందు. 'తీగ తాడు అరిగింది. మార్చేదాకా నడపొచ్చు.' ఇంజనీరు సంతకం. దాని కింద, 'చూశాను', మేనేజర్ సంతకం.

"మీరు దాచింది మీ తప్పొక్కటే కాదు" అందావిడ. "వీళ్ళిద్దరిదీ దాచారు."

ఇంజనీరూ మేనేజరూ ఒకరినొకరు చూసుకోలేదు.

జడ్జిగారు పదకొండున్నరకి రెండు దావాలూ కలిపారు. దొంగతనం సంగతి విని కళ్ళజోడు తీశారు.

"అది వేరే కేసు. దాన్ని కలపను."

కలిపిన విచారణ ఆ తర్వాతి నెలలో మొదలైంది. ఒకే హాలు. ఆ బల్ల దగ్గర మేనేజర్, ఈ బల్ల దగ్గర ఇంజనీరు. మొదటి సాక్షి తమ్ముడు. వదిన మొదటి వరసలో ఉంది. ఆవిడ పక్క కుర్చీ ఖాళీ.

లాయరు పుస్తకం చూపించాడు. "ఈ సంతకం ఎవరిది?"

తమ్ముడు పేజీ మీద వేలు పెట్టాడు.

"పేరు మా అన్నయ్యదండీ. రాసింది నేను."

టైపిస్టుకి వినబడలేదు. మళ్ళీ చెప్పమన్నారు. ఈసారి వదిన వైపు తిరిగి చెప్పాడు.