సింగారి కట్టిన గాలిముడులు

మీ ముత్తాతకు ముత్తాత పుట్టకముందు మాట ఇది. రెండు కొండల నడుమ కనుమపురమనే రాజ్యం ఉండేది. పడమటి గాలి కనుమ దాటి వస్తేనే అక్కడ వాన. గాలికి మూడు రోజుల ముందే పొడిదుక్కిలో విత్తాలి. తొందరపడితే గింజ మాడిపోతుంది, ఆలస్యమైతే కుళ్లిపోతుంది.

మణికర్ణుడనే రాక్షసుడి దగ్గర లోకంలోని గాలులన్నీ చూపించే మూడు స్ఫటిక గోళాలుండేవి. రాజు భద్రసేనుడు అక్కడికి మనుషుల్ని పంపి అడిగించి, వాటిలో అన్నిటికంటే పెద్దది చెప్పిందే నమ్మాడు. పెద్దదంటే ఎవరికైనా మోజే కదా! రెండేళ్ల విత్తనం మట్టిలో మాడిపోయింది. గాదెలో ఇక ఒక్కసారి చల్లడానికి సరిపడా గింజలే మిగిలాయి.

కళ్లంలో ధాన్యం తూర్పారబట్టే ఇంటి పిల్ల సింగారి, సరైన గోళాన్ని తెస్తానని, అంతవరకూ ఆ గింజలు చల్లవద్దని చెప్పి బయల్దేరింది. అడవిలో ఒక ముని కనిపించాడు.

“నిజం చెప్పే గోళమేదో ఎలా తెలుస్తుంది స్వామీ?”

“రేపటి సంగతి ఎవడైనా చెబుతాడు తల్లీ. నిన్నటిది అడుగు. ముందు అది నీకు తెలిసుండాలి మరి!”

సింగారి కనుమ మీద గుడిసె వేసుకుంది. కర్రకు చీరపీలిక కట్టి, పడమటి గాలికి ఎర్రదారం, తూర్పు గాలికి నల్లదారం, రోజుకొకటి తాడుకు ముడివేసింది. ఏడాదిపాటు పలకరించే దిక్కు లేదు. “ఏమే పీలికా, అన్నం తిన్నావా?” అని అడిగి, తనే నవ్వి, ఆ తర్వాత వెక్కివెక్కి ఏడ్చేది. దిగువన ఊరి పొయ్యిల పొగ కనిపించేది. దిగిపోదామని ఎన్నిసార్లు అనుకుందో! ఒక్క ముడి తప్పినా అంతా వృథా అని ఆగిపోయింది.

ఏడాది నిండాక రాక్షసుడి గుహకు వెళ్లింది.

“అడిగిపోవడం వేరు, పట్టుకుపోవడం వేరు. తప్పు గోళం ఎంచుకున్నావో, ఇక్కడే రాయివై పడుంటావు!” అన్నాడు మణికర్ణుడు.

“పడుంటాలే. ముందు పోయినేటి గాలి చూపించు.”

పెద్ద గోళంలో సముద్రాల మీద గాలులు అద్భుతంగా సుడులు తిరిగాయి. కనుమపురం చోట మాత్రం బల్లపరుపు నేల.

“మా కొండలేవయ్యా?”

“ఇంత లోకంలో నీ రెండు గుట్టలెవడికి కావాలి?”

రెండోదాంట్లో కొండలున్నాయి, కానీ ఎర్రముడి ఉన్న రోజుల్లో తూర్పు గాలి వీచింది. దుమ్ముపట్టిన మూడోదాంట్లో కొండలూ ఉన్నాయి, దాదాపు అన్ని రోజులూ ముడులతో కలిశాయి. వాన తెచ్చే పడమటి గాలి మాత్రం ముడులకంటే పదిరోజులు ముందే వచ్చేసింది. సింగారి తాడు మరోసారి సరిచూసుకుంది. అంతకుముందు రెండేళ్లవీ చూపించమంది. విత్తనం మాడిన ఆ ఏళ్లలో గాలి ఎప్పుడొచ్చిందో ఊరందరికీ గుర్తే. అప్పుడూ సరిగ్గా పదిరోజులే తేడా.

“ఇదే కావాలి,” అంది.

“ఇదీ తప్పే చెబుతోందిగా!”

“ఎప్పుడూ ఒకే తప్పు. ఆ పదిరోజులు నేను కలుపుకుంటాను.”

రాక్షసుడు చేతిలోని గద దించేశాడు. “వచ్చినవాళ్లందరూ గోళాల మెరుపే చూశారు. తప్పెంతో చూసినదానివి నువ్వొక్కదానివే. తీసుకుపో!”

గోళం చెప్పిన రోజుకు పది కలిపి, దానికి మూడు రోజుల ముందు ఆఖరి గింజలు చల్లారు. సింగారి లెక్కకట్టిన నాటికే కనుమలో పడమటి గాలి హోరెత్తింది, వాన కురిసింది. రాజు అర్ధరాజ్యమిచ్చి, కొడుకు జయంతుణ్ణిచ్చి పెళ్లి చేస్తానన్నాడు.

“గోళం వచ్చే ఏడూ ఇలాగే చెబుతుందో లేదో చూడాలి ప్రభూ. మళ్లీ కొండెక్కుతాను. కానీ ఒంటరిగా నావల్ల కాదు. పక్కన ఇంకో గుడిసె వేయించండి. పలకరిస్తే పలికే మనిషి కావాలి.”

మర్నాడు సింగారి కొండెక్కబోతుంటే జయంతుడు తన మూట తనే మోసుకుంటూ వచ్చాడు.

“అన్నం వండడం వచ్చా రాజకుమారా?”

“రాదు.”

“నేర్పుతాలే, పద.”

మరుసటి ఏడాది వాళ్ల పెళ్లయింది. అంతవరకూ కనుమ మీద రెండు పొయ్యిల పొగ కనిపించేదట, ఆ తర్వాత ఒక్కటే.