వెంట ఉన్నవారు

మా ఆసుపత్రి నేలమాళిగలో, దుప్పట్లు ఉతికే గది పక్కన నా సీటు. రోజంతా ఫినాయిలు, తడిబట్టల వాసన. పైన వార్డుల్లో నర్సులు రోగుల గురించి రాసే నోట్సును ఇక్కడి కంప్యూటరు చదువుతుంది. తెలియని మాట తగిలితే నా దగ్గరికి తోస్తుంది. అది జబ్బు లక్షణమా, మందా, మనిషా అని తేల్చి నేను దాని నిఘంటువులో చేర్చాలి. అందుకే అందరూ నన్ను డిక్షనరీ మేడమ్ అంటారు. వెనక ఇంకేమంటారో కూడా తెలుసు, పట్టించుకోను.

ఆమధ్య ఎముకల వార్డు నుంచి ఒకే మాట పదేపదే వచ్చింది. 'కాళ్ళ దగ్గర కుర్చీలో ఆమె.' రోగులు చెప్పిందే నర్సులు రాశారు. లక్షణాల కింద చేర్చాను. అంతే, ఆ మాట వచ్చినప్పుడల్లా కంప్యూటరు కబురు పంపి, డాక్టర్ల ఫోన్లన్నీ మోగడం మొదలుపెట్టాయి. పెద్ద డాక్టరు కిందికి దిగొచ్చి, మత్తు దిగనివాళ్ళు సవాలక్ష వాగుతారు, ప్రతిదానికీ మమ్మల్ని పరిగెత్తిస్తావా అని నలుగురి ముందు దులిపేశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మాటను అక్కణ్ణించి పీకి, రోగి బంధువుల కోసం ఉన్న 'వెంట ఉన్నవారు' గడిలో పడేశాను. ఆమె ఎవరైతే నాకేం? ఫోన్లు ఆగిపోయాయి, పీడా విరగడైంది.

ఆ తర్వాతే మా తమ్ముడు బండి మీంచి పడి, తొడ ఎముక విరగ్గొట్టుకుని అదే వార్డులో చేరాడు. అమ్మానాన్నా పోయాక వాడికి నేను, నాకు వాడు. ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. సాయంత్రం పని ముగించుకుని పైకి వెళ్ళాను. బయట వాన ముసురు పట్టి, నడవాలో అప్పుడే దీపాలు వేశారు. వార్డు తలుపు దగ్గర కాపలాదారు అడ్డం నిలబడ్డాడు. రోగికి ఒక్కరే తోడుండాలన్నది ఇక్కడి రూలు. పోయిన నెల ఇద్దర్ని వదిలాడని అతని మీద ఫిర్యాదు చేసింది నేనే.

"మీవాళ్ళు లోపలున్నారు మేడమ్."

"వాడికి నేను తప్ప ఎవరూ లేరయ్యా."

అతను తలుపు పక్క బోర్డు చూపించాడు. నోట్సు చదివి ఆ బోర్డును నింపేది నా కంప్యూటరే. తమ్ముడి మంచం నంబరుకి ఎదురుగా... వెంట ఉన్నవారు: ఉన్నారు.

తలుపు అద్దంలోంచి చూశాను. మంచం చివర కుర్చీ. ఖాళీ కుర్చీ. తమ్ముడు దాని వైపే చూస్తూ, బుద్ధిగా తలూపుతున్నాడు. బాగున్న కాలిని మెల్లగా... మెల్లగా తనవైపు ముడుచుకుంటున్నాడు.

బతిమాలాను. తిట్టాను. రూలు అందరికీ రూలే మేడమ్ అన్నాడు, ఆ ఫిర్యాదులో నేను రాసిన మాటే నాకు అప్పజెబుతూ.

కిందికి పరిగెత్తాను. ఆ మాట ఉన్న పాత నోట్సులన్నీ తెరిచాను. ఎవరి నోట్సైనా సరే, ఆ మాట వచ్చిన మర్నాటికి ఆగిపోయింది. ఒక్కరూ నడిచి ఇంటికెళ్ళలేదు.  ఆ మాటను తీసేయమని నొక్కాను. తెర మీద నేనెప్పుడూ చూడని వాక్యం వచ్చింది.

'ఈమె పనిలో ఉన్నారు. తీసేయడం కుదరదు. మరో రోగికి మార్చవచ్చు.'

తమ్ముడి పక్క మంచం మీద ఒక ముసలాయన. వెనకా ముందూ ఎవరూ లేరని ఆయన నోట్సులో ఉంది. పోతే అడిగేవాళ్ళు లేరు. ఇదే నేను ఆలోచించింది, ఇంతకు మించి ఆలోచించలేదు. ఆయన పేరు మీద నొక్కాను.

మళ్ళీ పైకి వెళితే, ఈసారి కాపలాదారు బోర్డు చూసి పక్కకి తప్పుకున్నాడు. తమ్ముడు నిద్రపోతున్నాడు, నుదురంతా చెమట. కుర్చీ ముసలాయన కాళ్ళ దగ్గరికి జరిగి ఉంది.

"నాకెవరూ లేరని చెప్పానమ్మా..." అన్నాడాయన గుసగుసగా. "ఆవిడేమో నీ మనిషినే అంటోంది. చెయ్యి... కాస్త చెయ్యి పట్టుకుంటావా?"

నేను రెండు మంచాల మధ్య గుడ్డ తెర లాగేశాను. తెల్లారేసరికి ఆ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

తమ్ముడు తేరుకున్నాడు. దిండుకు ఆనుకుని పాలు తాగుతూ, మొదట చెప్పిన కబురు ఇది.

"అక్కా, కుర్చీలో ఒకావిడ కూర్చునుందే, వెళ్ళిపోతూ ఒక్కటే అడిగింది. తనని ఇక్కణ్ణించి మార్చిందెవరని."

"నువ్వేమన్నావురా?"

"ఇంకెవరు, మా అక్కే అన్నాను. కింద, దుప్పట్ల గది పక్కనే ఉంటుందని కూడా చెప్పాను."

వాడి మొహంలో నేనంటే ఎంత గర్వమో. వాడి చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుని కిందికి వచ్చాను.

నా గదిలో ఉండేది ఒకే కుర్చీ. ఇప్పుడు బల్లకు అవతల, నేను కాళ్ళు పెట్టుకునే చోటుకి ఎదురుగా, ఇంకొకటి వేసి ఉంది. ఎవరు వేశారని డ్యూటీ దిగి నడవాలో వెళుతున్న వార్డు కాపలాదారుని అడిగాను. "మీవాళ్ళు వచ్చారుగా మేడమ్, మీరే వేయమన్నారని చెబితే తెచ్చి వేశాను," అని వెళ్ళిపోయాడు. ఆ కుర్చీ మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

అప్పట్నుంచీ కాళ్ళు పైకి ముడుచుకునే పనిచేస్తున్నాను.