ఫుటర్‌లో మిగిలిన పేరు

తప్పు నాదే. చనిపోయిన మనిషి ఫైల్లో మా చెల్లెలి థీసిస్ పోశాను.

మా డీటీపీ పనిలో అందరూ చేసేదే అది. ప్రతి పుస్తకానికీ అంచులు కొలుచుకుంటూ, పేజీ పైన హెడర్‌లో అధ్యాయం పేరు, అడుగున ఫుటర్‌లో రాసినవాళ్ళ పేరు, పేజీ నంబరు కొత్తగా పెట్టుకుంటూ కూర్చుంటే పని తెమిలినట్టే! పొందికగా కుదిరిన పాత ఫైలు తెరిచి, లోపలి మ్యాటరు తీసేసి, కొత్తది నింపేస్తాం. నేను తెరిచిన ఫైలు ఒక పరిశోధక విద్యార్థినిది. ఐదు అధ్యాయాలు నా దగ్గరే టైపు చేయించుకుంది. ఆరోది రాస్తూండగా జ్వరమొచ్చి పోయింది. నెమ్మదైన పిల్ల. నన్ను ‘మేడమ్’ అని తప్ప పిలిచేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడయింది. బయట ముసురు. ఐదులోపు థీసిస్ అందకపోతే చెల్లి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఆరేళ్ళ చదువు గంగలో కలిసినట్టే.

"ఎంతసేపక్కా? నీకంటే నత్త నయం."

"ఆరేళ్ళు నత్తకే పాఠాలు చెప్పి, ఇప్పుడు నన్నంటావేం? కూర్చో."

నూట అరవై ఎనిమిది పేజీలు. ప్రింటిచ్చాను. వేడెక్కిన టోనరు వాసన, రోలర్ల కీచు చప్పుడు. మొదటి కాగితం తీసి చూస్తే ఫుటర్‌లో ఆ పిల్ల పేరే ఉంది. మార్చడం మరిచిపోయాను. ప్రింటరు ఆపి, ఆ పేరు కొట్టేసి చెల్లి పేరు పెట్టాను. ఫుటర్‌లోకి వెళ్తే తెరమీద మధ్యలో ఉన్న మ్యాటరంతా బూడిదరంగుకి తిరుగుతుంది. బయటికి రాగానే నల్లబడుతుంది.

ఈసారి నల్లబడలేదు.

మళ్ళీ ప్రింటిచ్చాను. చెల్లి రాసిందంతా దుమ్ము పట్టినట్టు వెలిసిపోయి వచ్చింది. అడుగున మాత్రం ఆ పిల్ల పేరు, కాటుకతో దిద్దినట్టు...

"అక్కా, చలేస్తోంది," అంది చెల్లి. గొంతు పీలగా ఉంది.

మళ్ళీ కొట్టేశాను. మళ్ళీ వచ్చింది. పేరు ముదురుతోంది. మ్యాటరు వెలిసిపోతోంది. నూట అరవై ఎనిమిది దాటినా ప్రింటరు ఆగలేదు. అరవై తొమ్మిది... డెబ్భై... డెబ్భై ఒకటి... మధ్యలో ఒక్క అక్షరం లేదు. పైన హెడర్‌లో మాత్రం ‘ఆరో అధ్యాయం’ అని ఉంది.

చెల్లి థీసిస్‌లో ఉన్నవి ఐదే.

వెనక్కి తిరిగాను. చెల్లి ఆ ఖాళీ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని గబగబా రాస్తోంది. తలెత్తలేదు.

"ఏం రాస్తున్నావే?"

"ఇదొక్కటే మిగిలింది... మేడమ్."

కంప్యూటరుకీ ప్రింటరుకీ కలిపి ఉన్న ప్లగ్గు పట్టుకుని లాగేశాను. తెర ఆరిపోయింది. చెల్లి చేతిలో పెన్ను జారి కిందపడింది. ఉలిక్కిపడి గడియారం కేసి చూసింది.

"అక్కా! నాలుగున్నర! కరెంటెందుకు తీశావు?"

ఒళ్ళో కాగితాల సంగతే దానికి తెలీదు. పెన్‌డ్రైవ్ ఇమ్మంది, పక్కవీధిలో ప్రింటు తీయించుకుంటానంది. అందులో ఉన్నదీ ఆ ఫైలే. చేత్తో రాసిన ప్రతి ఉంది గానీ, అరగంటలో టైపయ్యేది కాదు.

"ఇవ్వను."

"నా బతుకక్కా అది!"

"అందుకే ఇవ్వను."

అప్పుడు కదిలింది ప్రింటరు. ప్లగ్గు నా చేతిలోనే ఉంది. ఒక్క కాగితం... మెల్లగా... బోర్లా వచ్చి పడింది.

చెల్లి చెయ్యి చాచింది. నేను ముందు లాక్కున్నాను. చూడకుండానే చింపబోయాను. అంచు కాస్త చిరిగిందో లేదో, చెల్లి కెవ్వుమని మణికట్టు పట్టుకుంది. అక్కడ సన్నగా నెత్తుటి గీత.

చింపడం ఆపేశాను.

గడువు దాటింది. రిజిస్ట్రేషన్ పోయింది. ఏడాదిపాటు చెల్లి నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. నన్ను సాధించడం దానికి రెండో ఉద్యోగం. పర్వాలేదు, సాధించనీ. మనిషి నిక్షేపంగా ఉంది.

ఆ కాగితం నా బీరువాలో బోర్లించే ఉంది. బట్టలు సర్దుతుంటే చెయ్యి తగులుతుంది. ఇప్పటికీ వెచ్చగానే ఉంటుంది, ఆ నిమిషాన ప్రింటరులోంచి వచ్చినట్టు. దాన్ని తిరగేసి చదవకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

నాలుగేళ్ళయింది. చదవలేదు.