కన్యకమ్మకు కిటికీ సీటు

“ఆ కిటికీ సీటు ఎవరికీ ఇయ్యద్దు. అది మా కన్యకమ్మత్తది,” అంది శ్రీవిద్య.

తేజేశ్వర్ తల గోక్కున్నాడు. దసరా సెలవులకు ఆదోని నుంచి బెంగుళూరు పక్కన కొత్తగా తెరిచిన థీమ్ పార్కుకు ట్రిప్పు. బయల్దేరేది పత్తి వ్యాపారి వెంకటరమణయ్య శెట్టి కుటుంబం, వాళ్ళతో పాటు ఆ వీధి వీధంతా. బస్సు తేజేశ్వర్‌ది, డ్రైవరూ అతనే. ఎవరెక్కడ కూర్చోవాలో తేల్చే పెత్తనం మాత్రం శెట్టిగారి అమ్మాయి శ్రీవిద్యది.

“పెద్దామె అయితే ముందర సీటిస్తాలే. కుదుపులుండవు. వయసెంత?”

“పదహారు.”

“మీ మేనత్తకు పదహారా? నీకే ఇరవై దాటింటాయి గదమ్మా!”

“ఆమెకెప్పుడూ పదహారే.”

“సరే. బస్సులో ఆ అమ్మాయికి వాంతులు గీంతులు అయితాయా? వచ్చేటప్పుడే నిమ్మకాయ...”

“రాదప్పా. ఉంటాది.”

మిట్టమధ్యాహ్నం. బస్సు షెడ్డు ముందర వేపచెట్టు మీద కాకి కూడా నోరెత్తడం లేదు. తేజేశ్వర్ వీపు మీద చీమలు పాకినట్టయింది. శ్రీవిద్య మాత్రం చక్కగా నవ్వింది. ఆ నవ్వుకు భయపడాలో, పడిపోవాలో తెలియక మనవాడు రెండూ చేశాడు.

విషయం ఏమిటంటే, కన్యకమ్మ వెంకటరమణయ్యకు చెల్లెలు. ఎప్పుడో ఆయనకు మీసాలు మొలిచే రోజుల్లో ఆ పిల్ల ఉరుకుంద జాతరకు పోయి రంగులరాట్నం ఎక్కుతానని మారాం చేసింది. “వయసొచ్చిన పిల్లవు, నలుగురి నెత్తిన గాల్లో తిరుగుతావా?” అని తల్లి హంపమ్మ ఆమెను గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. ఆ ఏడుపులోనే జ్వరం తగిలింది. జాతర ముగియకముందే ప్రాణం పోయింది.

అప్పటి నుంచి ఆమె ఆ ఇంటిని కాచే దేవత, పేరంటాలు. దసరాకు ఆమె పటం ముందు దవనం, కొత్త చీర పెట్టాలి. ఇంటిల్లిపాదీ ఎక్కడికి పోయినా బండిలో ఆమెకొక సీటు వదిలి, ఆ చీర దాని మీద ఉంచాలి. ఆడపిల్ల ఊరు దాటాలంటే ముందు ఆమెను ‘పువ్వు అడగాలి’. తడిపిన చామంతిని హంపమ్మ పటం అద్దానికి అంటిస్తుంది. కర్పూరం ఆరేలోగా రాలితే సరే అన్నట్టు, రాలకపోతే వద్దన్నట్టు.

శ్రీవిద్య కోసం అడిగిన పువ్వు ఒక్కసారీ రాలలేదు. కాలేజీ ఎక్స్‌కర్షన్‌కు రాలలేదు. అనంతపురంలో వచ్చిన పీజీ సీటుకూ రాలలేదు.

“ఈసారీ రాలకుంటే?” అడిగాడు తేజేశ్వర్.

“మీరంతా పోతారు. నేను ఇంట్లో ఉంటా. ఇంగ పెండ్లికీ రాలదేమో. ఆ ఇంట్లోనే ముసలిదాన్నయిపోతా,” అంది. ఈసారి నవ్వలేదు.

“నువ్వు గూడా నమ్ముతావా ఇదంతా? డిగ్రీ చదివినావు గదా!”

“మధ్యాన్నం పూట ఆ గది గొళ్ళెం కదులుతాది. బయట ఎవురూ ఉండరు. డిగ్రీలో దాని గురించి ఏం చెప్పలేదప్పా మాకు.”

ఆ తర్వాత ప్లానింగు పేరుతో ఆమె రోజూ షెడ్డుకు రాసాగింది. వెంట ఎవరో ఒక పిన్నమ్మ వచ్చి, బెంచీ మీద కూర్చుని కునుకు తీసేది. ఏ రైడు ముందు, చిత్రాన్నం ఎక్కడ తినాలి, తడిసిన బట్టలు ఎక్కడ ఆరేయాలి అని వీళ్ళిద్దరూ గంటలు గంటలు కొట్లాడుకునేవారు. ఇంటికి పోయాక ఎస్సెమ్మెస్‌లలో మళ్ళీ కొట్లాట. ప్రేమకు ఇంతకంటే వేరే లక్షణాలు ఏముంటాయి చెప్పండి!

ఒకరోజు ఆమె కన్యకమ్మ కొత్త చీర తెచ్చింది. ఆకుపచ్చ పట్టు. సరిపోతుందో లేదో చూద్దామని ఆ కిటికీ సీటు మీద పరిచింది.

ఆ కిటికీ అద్దం తుప్పు పట్టి ఏనాడో బిగుసుకుపోయింది. మెకానిక్ శివన్న సుత్తితో కొట్టినా ఇంచు జరగలేదు. అలాంటిది ఇద్దరూ చూస్తుండగానే కిర్రుమని దానంతటదే వెనక్కి జరిగింది. బస్సంతా దవనం వాసన. బయట వేపాకు కూడా కదలడం లేదు.

శ్రీవిద్య చెయ్యి ఎప్పుడొచ్చిందో గాని అతని చొక్కా పట్టుకుని ఉంది.

“భయమయిందా?” గొణిగింది.

“నాకెందుకు భయం? బస్సే వణుకుతాంది.”

“బస్సు ఆఫ్‌లో ఉండాది గదప్పా!”

ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ ఆ సీటు వైపు చూసే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

పువ్వు అడిగే రోజు రానే వచ్చింది. బస్సు ఎప్పుడు తేవాలో కనుక్కునే నెపంతో తేజేశ్వర్ కూడా పోయి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అప్పట్లో కన్యకమ్మను పెట్టి గొళ్ళెం వేసిన ఆ గదిలోనే పటం. రెండు జడల పిల్ల, కళ్ళలో అలక. హంపమ్మ పువ్వు అంటించింది. వెంకటరమణయ్య కర్పూరం వెలిగించి, “అమ్మా కన్యకా, పిల్లను పార్కుకు పంపమంటావా?” అని అడిగాడు.

కర్పూరం కరిగి సగమైంది. పువ్వు కదల్లేదు. శ్రీవిద్య కళ్ళనిండా నీళ్ళు. “నా సీటు కొట్టేసేయప్పా,” అంది తేజేశ్వర్‌తో.

ఆ మాట వినేసరికి మనవాడికి ఒళ్ళు తెలియలేదు. చెప్పులు విడిచి నేరుగా పటం ముందుకు పోయాడు.

“కన్యకమ్మత్తా! నాకు పూజలూ పద్ధతులూ తెల్దు. ఈ పిల్లను పిల్చుకపోతా, పదిలంగా తీసుకొస్తా. ఒక్క పార్కుకే కాదు, జన్మంతా నా పక్కన కూచోబెట్టుకుని ఊర్లు తిప్పుతా. శానా ఇష్టం నాకు. నీకు సరేనా?”

“ఎవురికిరా అత్త?” అని వెంకటరమణయ్య గర్జించబోయాడు.

అంతలో తలుపు గొళ్ళెం టకటకమంది. దాని దగ్గర ఎవరూ లేరు. గుప్పున దవనం వాసన. ఆరబోయే కర్పూరం మంట ఒక్కసారి నిటారుగా లేచింది. పువ్వు రాలి హంపమ్మ ఒళ్ళో పడింది.

ముసలామె కెవ్వుమంది.

“ఎట్ల రాలుతాది? తుమ్మబంక పెట్టింటి గదరా నేను!”

హంపమ్మ పువ్వు తీసి పారేయబోయింది. బంక పచ్చిగానే ఉంది, పువ్వు ఆమె వేళ్ళను వదల్లేదు.

“ప్రతిసారీ బంకే పెడ్తి,” అని బావురుమంది. “ఒకదాన్ని వద్దని పోగొట్టుకుంటి. ఇంగొకదాన్ని సరే అని పోగొట్టుకుంటానేమోనని భయం నాయనా! ఊరంతా నా బిడ్డకు కడుపుమంట అనుకున్యారు. పాపం అదేం చేసింది? వద్దన్యది నేనే.”

వెంకటరమణయ్య తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

“అంగట్లో కూచోకుండా స్టీరింగు పట్టుకున్యాడు వీడు, మన కులపోడైనా పిల్లనియ్యకూడదు అనుకుంటి. నా చెల్లెలే సరే అన్యాక నాదేముండాది?”

తేజేశ్వర్ గాల్లో తేలుతున్నాడు. శ్రీవిద్య వచ్చి అతన్ని చర్రున నేలకు దించింది.

“చచ్చిపోయిన అత్తను అడిగితివి. మా నాయన ఒప్పుకున్యాడు. బతికుండేదాన్ని, నన్నడగలేదే?”

“ఇప్పుడడుగుతా...”

“ఈడ కాదు. పార్కులో అడుగు. పైకెక్కినంక.”

హంపమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. “నేనూ వస్తా. దాన్ని నేనే ఎక్కిస్తా.”

పార్కులో జెయింట్ వీల్ చూసి కుర్రవాళ్ళే వెనకడుగు వేస్తుంటే, ఆ ముసలామె ఆకుపచ్చ చీర గుండెకు హత్తుకుని డబ్బా ఎక్కింది. పక్కన ఎవరినీ కూర్చోనివ్వలేదు. వెనక డబ్బాలో వీళ్ళిద్దరూ.

చక్రం లేచి లేచి శిఖరాన ఆగింది. సన్నగా తుంపర మొదలైంది.

“శ్రీవిద్యా,” అన్నాడు తేజేశ్వర్. “నన్ను చేసుకుంటావా?”

ఆమె నోరు తెరవబోయింది. ముందు డబ్బాలోంచి హంపమ్మ గొంతు వినిపించింది.

“అట్ల వంగి చూడద్దే, పడతావు! నా చెయ్యి పట్టుకో. ఆఁ, అట్ల.”

కాసేపు ఆగింది, ఎవరో చెబుతుంటే విన్నట్టు. తర్వాత నవ్వింది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన శ్రీవిద్య ఆ నవ్వు ఎప్పుడూ వినలేదు.

“సరేలేవే. ఇంగో సుట్టు తిరుగుదాం. ఎవురొద్దంటారు నిన్ను?”

శ్రీవిద్య మంచులాంటి వేళ్ళు వచ్చి తేజేశ్వర్ చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

“ఊ,” అంది.

“దేనికి ఊ?”

“నువ్వు అడిగినదానికే,” అంది, చూపు ముందు డబ్బా మీదనే ఉంచి.