వెలగని ఎర్ర లైటు

ఉదయగిరి కొండ మీదికి ఎండ ఎక్కకముందే యేసురత్నం ఇంట్లో పొయ్యి రాజుకుంది. హన్నమ్మ ఉప్మా చేసి కొడుకు ముందు పెట్టింది. నెలన్నరగా ఆ ఇంట్లో ప్రభుదాసుకు తిండి దొరుకుతోంది, మాట దొరకడం లేదు.

"పదకొండు గంటల బస్సుకు ఆత్మకూరు పోతా ఉండానమ్మా. రైసుమిల్లులో డ్రైవరు పని. ఇంక ఆడనే ఉంటా."

హన్నమ్మ ఖాళీ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె మౌనానికి కారణం వాకిట్లోనే ఉంది, ఆ పాత అంబాసిడర్. క్రిస్మస్ మర్నాడు, జలదంకిలో హన్నమ్మ తల్లి రెబెకమ్మకు బాగా లేదని కబురొస్తే ప్రభుదాసు అమ్మను ఎక్కించుకుని బయలుదేరాడు. కలిగిరి దాటాక, పొద్దుగూకే వేళ హెడ్‌లైట్లు మసకబారి, ఇంజను ఆగిపోయింది. బ్యాటరీలో చుక్క కరెంటు లేదు. ఏదో లారీని బతిమాలుకుని చేరేసరికి రెబెకమ్మ కన్నుమూసి గంటయింది. ఆఖరిదాకా "హన్న వచ్చిందా?" అని అడుగుతూనే ఉందట.

సమాధి దగ్గర అందరి ముందూ యేసురత్నం కొడుకు చెంప పగలగొట్టాడు.

"డైనమో బ్యాటరీని చార్జి చెయ్యకపోతే డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలుగుతాదని నీకు తెలీదా? కళ్ళు యాడ పెట్టుకుని తోలినావురా?"

"వెలగలా నాయనా. నిజంగా వెలగలా."

"పైగా అబద్ధమొకటి!"

హన్నమ్మ మొగుడి మాటే నమ్మింది. ముప్పయ్యేళ్ళుగా బండి తోలే మనిషి మరి, ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ప్రభుదాసు పెట్టె పట్టుకుని గడప దాటిన కాసేపటికి ఎలక్ట్రీషియన్ ఫకీర్ సాహెబ్ చార్జి చేసిన బ్యాటరీతో వచ్చాడు. దాన్ని బిగించి, ఇంజను స్టార్ట్ చేయించి, మీటరు తీగలు ఆనించాడు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ముల్లు పన్నెండు వోల్టుల దగ్గరే కూర్చుంది.

"బ్యాటరీ తప్పేం లేదు రత్నమా. డైనమో దానికి కరెంటు పెడితే గదా!"

బెల్టు నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. డైనమో విప్పితే దొంగ దొరికాడు. లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి గోరంత మిగిలాయి. కొత్తవి వేసి మళ్ళీ స్టార్ట్ చేస్తే ముల్లు పద్నాలుగు దాకా లేచింది.

"చూసినావా? అయితే ఆ పొద్దు ఎర్ర లైటు వెలిగే ఉంటాది," అన్నాడు యేసురత్నం, గెలిచినవాడిలా.

"అదీ చూద్దాం పట్టు."

సాహెబ్ ఇంజను ఆపి కీ తిప్పాడు. స్టార్ట్ చేయబోయే ముందు తప్పక వెలగాల్సిన లైటు అది. వెలగలేదు. డ్యాష్‌బోర్డు వెనక్కి చెయ్యి పోనిచ్చి హోల్డరు బయటికి లాగాడు.

"మాడిపోలా, అసలు బల్బే లేదు. పిల్లోడు నిజమే చెప్పినాడయ్యా!"

యేసురత్నం ఆ ఖాళీ హోల్డరు వంక చూశాడు. క్రిస్మస్ ముందురోజు ఆ బల్బు పీకింది తన చెయ్యే. ఇంట్లో కట్టిన క్రిస్మస్ పశువుల తొట్టి బొమ్మ మీద చుక్క వెలగాలని, ఆ బల్బును పాత బ్యాటరీకి తగిలించాడు. పండగ అయ్యాక పెట్టేద్దామనుకుని మరిచే పోయాడు.

"కొత్తది వేసేదా? నిమిషం పని."

వేయిస్తే ఎవరికీ తెలియదు. ఒక్క క్షణం ఆ ఆశ పుట్టినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

"వద్దు సాహెబూ," అని లోపలికి వెళ్ళాడు. పొయ్యి ముందు కూర్చున్న భార్యతో తలెత్తకుండానే చెప్పాడు. "బల్బు తీసింది నేను. కొట్టింది నేను. వాడికేం తెలీదు హన్నా."

హన్నమ్మ లేచి ట్రంకుపెట్టెలోంచి కాగితపు చుక్క తీసింది. దాని నడుమ ఆ చిన్న బల్బు అట్లాగే ఉంది.

"చుక్క వెలగాల్సిందేనని పట్టుబట్టింది నేను గదా," అంది. "కారు తియ్యి. బస్సు పోతాది."

వాళ్ళు బస్టాండు చేరేసరికి బస్సు కదలబోతోంది. హన్నమ్మ కిటికీ ఊచ పట్టుకుంది. "దిగురా దాసూ!"

నెలన్నర తర్వాత అమ్మ నోట తన పేరు. ప్రభుదాసు పెట్టెతో సహా దిగాడు.

"అందరి ముందూ నిన్ను కొట్టినా. అందరి ముందే చెప్తా ఉండా," అన్నాడు యేసురత్నం, బస్సులోని జనమంతా వింటుండగా. "లైటు వెలగలేదన్న నీ మాట నిజం. బల్బు పీకి మరిచిపోయినోణ్ణి నేను. మీ అవ్వ కడసారి చూపు నా వల్ల పోయింది, నీ వల్ల కాదు."

ప్రభుదాసు కళ్ళు తుడుచుకున్నాడు. "కీ తిప్పినప్పుడే చూసుకోవాల్సింది నాయనా. నేనూ చూళ్ళా."

"నిన్ను చూసుకోనిచ్చినానా? పదరా పదరా అని తరిమింది నేను గాదా!" హన్నమ్మ బల్బును కొడుకు అరచేతిలో పెట్టింది. "నువ్వే పెట్టు."

ప్రభుదాసు కారెక్కి బల్బు బిగించి కీ తిప్పాడు. చిన్న ఎర్ర వెలుగు. స్టార్ట్ చేయగానే అది ఆరిపోయింది. బ్యాటరీ చార్జి అవుతోంది. హన్నమ్మ కొడుకు భుజం మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. యేసురత్నం వెనక సీట్లో కూర్చున్నాడు.

"ఇంటికేనా అమ్మా?"

"కాదు, జలదంకికి పోనీ," అంది హన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఆలస్యం నీ వల్ల కాదని మా అమ్మకు చెప్పాల."