కుక్క హోంవర్కు ఎవరు తిన్నారు?

ఊరంతా భూతద్దం అని పిలిచే డిటెక్టివ్ ఆఫీసులోకి స్పోకెన్ ఇంగ్లీషు టీచరు వస్తూనే కుర్చీలో కూలబడింది.

"క్యాసెట్టు పోయిందమ్మా. మా ఆయన పాఠాలు చెప్పిన క్యాసెట్టు. పోయిన మనిషి గొంతు నాకింకెక్కడా లేదు."

భూతద్దం వెంటనే చెప్పులు తొడుక్కుంది. ఆమె అసిస్టెంటు సొంత బాబాయే, రిటైరైన గుమాస్తా. మా అమ్మాయి చిటికెలో తేల్చేస్తుందని దారంతా టీచరుకి ధైర్యం చెప్పాడు.

టీచరు ఇంటి ముందుగదే క్లాసు. నాలుగు బెంచీలు, ఒక టేపురికార్డరు. భర్త గొంతు ఒక్కో వాక్యం పలకగానే ఆవిడ టేపు ఆపుతుంది, అందరూ వల్లె వేస్తారు. నిన్నటి పాఠం సాకులు, సంజాయిషీల మీద. క్లాసయ్యాక ఇంట్లో మిగిలింది ముగ్గురు. భూతద్దం వాళ్ళను విడివిడిగా పిలిచింది.

"ఎందుకు ఆగారు?" అని బస్సు డ్రైవర్ని అడిగింది.

"వానండీ. ఇది ఐ ఏట్ ద డాగ్స్ హోంవర్క్ లాంటి సాకు కాదు, నిజంగానే వాన."

నర్సు కూడా తడబడలేదు. "గొడుగు మర్చిపోయి వెనక్కొచ్చానండీ. మీరు మాత్రం ఐ ఏట్ ద డాగ్స్ హోంవర్క్ అనుకుంటారు."

మూడోవాడు టీచరు మరిది, ఈ క్లాసు లెక్కలూ చేర్పులూ చూస్తాడు. "కిటికీలు వేస్తున్నాను. ద డాగ్ ఏట్ మై హోంవర్క్ అన్నట్టుంటుంది గానీ, నేను టేపు ముట్టుకోలేదు."

బాబాయి బుర్ర గోక్కున్నాడు. ముగ్గురూ ఒకే పాట పాడినట్టనిపించింది ఆయనకి.

భూతద్దం అందర్నీ బెంచీల మీద కూర్చోబెట్టింది.

"హోంవర్కు చెయ్యనివాడు కుక్క తినేసిందని చెప్పే సాకు ఇది. టేపులో మాస్టారు నోరు తిరగక తిరగేసి చెప్పారు, కుక్క హోంవర్కు నేను తిన్నానని. ఈ క్లాసులో అందరూ అలాగే నేర్చుకున్నారు. ఈ ముగ్గురిలో తప్పని తెలిసినవాడు ఒక్కడే, ఇందాక నా దగ్గర దాన్ని సరిగ్గా పలికిన మరిది. ఆ తప్పు బయటపడుతుందని భయపడేవాడూ అతనే. క్లాసు వినడానికి బయటివాళ్ళెవరైనా వస్తున్నారా?"

మరిది తల దించుకున్నాడు. "రేపు కాలేజీవాళ్ళు క్లాసు చూడ్డానికొస్తున్నారు. అన్నయ్య ఇంగ్లీషు విని నవ్వుతారని... నా గొంతుతో దాని మీదే మళ్ళీ రికార్డు చేద్దామనుకున్నా, వదినా."

టీచరు మొహం పాలిపోయింది. "చెరిపేశావా?"

"లేదు. మీట నొక్కబోయి నొక్కలేకపోయాను." జేబులోంచి క్యాసెట్టు తీసిచ్చాడు.

ఆవిడ దాన్ని టేపురికార్డరులో పెట్టింది. మాస్టారు గంభీరంగా కుక్క హోంవర్కు తిన్నారు. ఎప్పుడూ అక్కడే ఆపేసి టేపు ముందుకు తిప్పేసే ఆవిడ చెయ్యి ఈసారి కదల్లేదు. టేపులో ఒక ఆడగొంతు పకపకా నవ్వింది. "తినేది కుక్కండీ, మీరు కాదు!"

"ఎవరు తింటే ఏంటే, హోంవర్కు పోయిందిగా," అన్నారు మాస్టారు. ఇద్దరూ ఆగకుండా నవ్వుతున్నారు.

డ్రైవరూ నర్సూ కూడా నవ్వేశారు. బాబాయి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఆ నవ్వింది నువ్వా, వదినా?" అన్నాడు మరిది.

"నేనే. ఆయన పోయాక మళ్ళీ అలా నవ్వలేదురా. రేపు వచ్చేవాళ్ళకి ఇక్కడిదాకా వినిపించు."