అడగని మొక్కకు నీళ్ళు

నీళ్ళాయనకు తెల్లవారుజామున నాలుగున్నరకు మెలకువ వచ్చేస్తుంది. పంపుహౌస్‌లో ముప్పై నాలుగేళ్ళు వాల్వులు తిప్పిన మనిషి. రిటైరై రెండేళ్ళయినా వీధిలో అందరికీ ఇంకా నీళ్ళాయనే. కుళాయి రాకపోతే ఇప్పటికీ ఆయన గుమ్మం ముందుకే వస్తారు. ఆయన కూడా అంతా తన చేతిలోనే ఉన్నట్టు "ఆరింటికి వస్తాయి, వెళ్ళండి" అని చెప్పి పంపిస్తాడు.

ఆ ఆదివారమూ నాలుగున్నరకే లేచాడు. మగ్గు నిండా నీళ్ళు పట్టుకుని, చప్పుడు కాకుండా హాల్లో కిటికీ పక్కకు వచ్చాడు. అక్కడ స్టూలు మీద కుండీలో భార్య ప్రాణంగా చూసుకునే స్నేక్ ప్లాంట్ ఉంది. నిటారుగా నిలబడే పొడవాటి దళసరి ఆకులు, అంచుల వెంట పసుపు గీత. ఆ ఆకుల్లో మూడు నిన్న సాయంత్రానికి వాలిపోయాయి. నాలుగోది ఎలా ఉందోనని మొదలు దగ్గర వేలితో నొక్కి చూశాడు. మగ్గిపోయిన అరటిపండులా మెత్తగా తగిలి, నొక్కిన చోటే ఊడి చేతిలోకి వచ్చింది.

భార్య ఇవాళ పదింటికి దిగుతోంది.

వాళ్ళక్కకు మోకాలి ఆపరేషనైతే చూసుకోవడానికని వెళ్ళి రెండున్నర నెలలైంది. ఆవిడ ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. ఈ మొక్క అక్కడిదే. రిటైరయ్యే ప్రతి నర్సుకూ డ్యూటీ గదిలోని పెద్ద కుండీ నుంచి ఒక పిలక విడదీసి చేతిలో పెట్టడం ఆ వార్డులో అలవాటు. కిటికీ కూడా లేని ఆ గదిలో, ట్యూబులైటు వెలుతురులో, ఎవరూ పట్టించుకోకపోయినా ఇరవై ఏళ్ళు బతికిన మొక్క అది. తర్వాత వార్డు మార్చినప్పుడు ఆ పెద్ద కుండీని ఎవరో పారేశారు. అందుకే ఈ పిలకంటే ఆవిడకు అంత ఇది.

వెళ్ళే ముందు దాన్ని కోడలికి అప్పగించింది. పెళ్ళయిన ఏడాదిన్నరలో అత్తగారు తన వస్తువొకటి కోడలి చేతికివ్వడం అదే మొదలు. వంటింట్లో గిన్నెలు కూడా తను సర్దుకుంటే తప్ప నిద్రపట్టని మనిషావిడ.

"ఇరవై రోజులకోసారి రెండు గ్లాసులు పొయ్యి. ముందు మట్టిలో వేలు పెట్టి చూడు, తడి తగిలితే అదీ వద్దు. మీ మామయ్యగారిని మాత్రం దీని దగ్గరకు రానివ్వకు" అని చెప్పి వెళ్ళింది.

ఆ ఆఖరి మాట ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. ఊరందరికీ నీళ్ళిచ్చిన చెయ్యి ఇది. నీళ్ళు అక్కర్లేని ప్రాణం ఎక్కడైనా ఉంటుందా? నోరు లేదు కాబట్టి అడగదు, అంతే అనుకున్నాడు. ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని ఆయన తన దగ్గర తనే ఒప్పుకోడు. కొడుకు ప్రింటింగ్ ప్రెస్సుకూ, కోడలు కళ్ళద్దాల షాపుకూ వెళ్ళిపోతే ఇంట్లో ఆయనతో పని పడేది దేనికీ లేదు. అందుకని రోజూ దానికో మగ్గు నీళ్ళు, పోస్తూ నాలుగు మాటలు. కుండీ కింద పళ్ళెం ఏ పూట చూసినా పొడిగానే ఉండేది. ఒక్క చుక్క మిగల్చకుండా తాగేస్తోంది, పాపం ఎంత దాహమో అని మురిసిపోయేవాడు.

పోయిన వారం ఆకుల రంగు తిరిగింది. అదే రోజు ఫోనులో భార్య "మొక్క ఎలా ఉంది?" అని అడిగింది.

"ఏమో, అమ్మాయి రోజూ నీళ్ళు పోస్తున్నట్టుంది" అనేశాడు.

ఎలా వచ్చిందో ఆ మాట ఆయనకే తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకునే ధైర్యం లేకపోయింది. అప్పట్నుంచీ కోడలు అన్నం వడ్డిస్తుంటే తలెత్తి చూడలేకపోతున్నాడు.

ఇప్పుడు ఊడొచ్చిన ఆకును ఏం చెయ్యాలో తోచలేదు. అటూ ఇటూ చూసి, దాన్ని మళ్ళీ మట్టిలోకి గుచ్చి నిలబెట్టాడు. మగ్గులో నీళ్ళు సింకులో పారబోసి వచ్చి, పేపరు ఇంకా రాకపోయినా కుర్చీలో కూర్చున్నాడు.

పదింటికి ఆవిడ వచ్చింది. చెప్పులు విడిచి, కొడుకు సంచులు లోపల పెట్టేలోగానే మొక్క దగ్గరకు వెళ్ళింది. రోగిని చూసినట్టే చూసింది. ముందు దూరం నుంచి, తర్వాత చేత్తో, చివరికి వంగి వాసన. గుచ్చి నిలబెట్టిన ఆకు ఆవిడ చెయ్యి తగలగానే బయటికి వచ్చేసింది.

"అమ్మాయ్, ఒకసారిలా రా."

కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమిటిది?"

"ఈ మధ్యనే పాడవుతోందత్తయ్యా..."

"పాడవదు. దానంతటదిగా చచ్చే మొక్క కాదిది. దీన్ని చంపాలంటే పనిగట్టుకుని చంపాలి. పైగా కుళ్ళిన ఆకును గుచ్చి నిలబెడతావా? నా కళ్ళు కప్పుదామనా?"

కోడలు ఆ ఆకు వంక వింతగా చూసింది. తర్వాత కుర్చీలో ఉన్న మామగారి వంక చూసింది. ఆయన పేపరును అవసరం లేకుండా మడత పెడుతున్నాడు.

"నేను సరిగ్గా చూసుకోలేదత్తయ్యా" అంది మెల్లగా.

"అమ్మా, ఒక్క మొక్క కోసం..." అన్నాడు కొడుకు.

"నువ్వూరుకో. మొక్కని అప్పజెపితేనే ఇలా ఉంటే రేపు ఇల్లు ఎలా అప్పజెప్పను? మీ నాన్నగారు వారం కిందటే చెప్పారు, రోజూ నీళ్ళు పోస్తోందని. ఆయనకేం తెలుసులే అని నేనే కొట్టిపారేశాను."

"మామయ్యగారు చెప్పారా?"

"ఆయన కాక ఇంకెవరు చెబుతారు?"

కోడలు మళ్ళీ ఆయన వంక చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేదనిపించింది ఆయనకు. ఆ పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. భార్య అప్పుడే అక్కకు ఫోన్ కలిపి "పోయిందక్కా. ఇంకెవరు, మా కోడలే" అని చెబుతోంది. ఆయన అక్కడ కూర్చోలేక, ట్యాంకు నిండిందో లేదో చూసొస్తానని ఎవరూ అడక్కుండానే చెప్పి డాబా మీదికి వెళ్ళాడు.

ట్యాంకు వెనకాల నీడలో ఐదు పెరుగు డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక్కో దాంట్లో ఇసుక కలిపిన మట్టి, మట్టిలో జానెడు ఆకు ముక్క. అంచున పసుపు గీత. ప్రతి ముక్క మీదా కళ్ళద్దాలకు గుర్తులు పెట్టే సన్న పెన్నుతో ఒక బాణం, పక్కన తేదీ. అన్నీ నెలన్నర కిందటి తేదీలు.

వెనక అడుగుల చప్పుడైంది. ఉతికిన బట్టల బకెట్టుతో కోడలు.

"ఇవి నువ్వు పెట్టినవా అమ్మా?"

"అవును మామయ్యగారూ. బతుకుతాయో లేదోనని కింద పెట్టలేదు. ఆకు కోశాక నాలుగు రోజులు ఆరనిచ్చి నాటాలట, నర్సరీ ఆయన చెప్పాడు. తలకిందులుగా పెడితే వేరు రాదట. అందుకే బాణాలు."

"అయితే నీకు ముందే తెలుసు."

ఆమె ఒక చీర దులిపి తీగ మీద వేసింది. "రెండో వారంలోనే తెలిసింది. మంచినీళ్ళకని లేచాను. మీరు దాంతో మాట్లాడుతున్నారు."

"వద్దని ఒక్క మాట అనొచ్చుగా."

"ఎలా అనను? అత్తయ్య వెళ్ళాక మీరు నోరు తెరిచి మాట్లాడింది దాంతోనే. ఆ కాస్తా మాన్పించడానికి మనసొప్పలేదు. మీరు స్నానానికి వెళ్ళగానే పళ్ళెంలో నీళ్ళు పారబోసేదాన్ని. సరిపోతుందనుకున్నాను." క్లిప్పు పెట్టబోయి ఆగింది. "కానీ ఫోన్లో అలా చెప్పారని ఇవాళే తెలిసింది మామయ్యగారూ."

గొంతు పెంచలేదు. ఆ ఒక్క మాటా అని మళ్ళీ బట్టల్లో పడింది. నీళ్ళాయనకు తల తీసేసినట్టయింది. రెండున్నర నెలలు ఆ మొక్క ఎంత దాహంతో ఉందోనని జాలిపడ్డాడు. తన పరువు పోకుండా రోజూ పళ్ళెం ఎత్తి పోసిన పిల్లను, తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి పట్టించాడు. ఒక డబ్బా చేతిలోకి తీసుకుని మెట్లు దిగాడు.

"మీ అక్కకు మళ్ళీ ఫోన్ చెయ్యి" అన్నాడు భార్యతో. "స్పీకర్ పెట్టు."

"ఎందుకు?"

"చెయ్యవే. ఒక మాట చెప్పాలి."

అటువైపు పలకగానే, ఆగకుండా చెప్పేశాడు. "వదినా, మొక్కను చంపింది మా కోడలు కాదు, నేను. రోజూ మగ్గుడు నీళ్ళు పోశాను. పోసి, ఆ అమ్మాయి మీద చెప్పాను."

"రెండున్నర నెలల్లో మీ గొంతు వినడం ఇదే మొదటిసారి మరిదిగారూ" అంది వదిన. "నా మోకాలు బాగానే ఉంది. అడుగుతారేమో అనుకున్నా." ఫోన్ పెట్టేసింది.

కొడుకు గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ముప్పై నాలుగేళ్ళు పోశారుగా, తనివి తీరలేదా?" అంది భార్య. "మరి ఆ గుచ్చిన ఆకు?"

"అదీ నేనే."

ఆవిడ ముఖం మారిపోయింది. ఇందాక అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టుంది. ఆయన చేతిలోని డబ్బా తీసుకుని, బాణం గుర్తునూ తేదీనీ చూసి డాబా ఎక్కింది. ఆయన వెనకే వెళ్ళి మెట్ల మీదే ఆగిపోయాడు.

ఆవిడ ఒక్కో ఆకునూ రెండు వేళ్ళతో పట్టుకుని నాడి చూసినట్టు మెల్లగా లాగింది. రెండు ఊడొచ్చాయి. మూడు కదల్లేదు.

"వేరు పట్టాయమ్మాయ్."

"నిజంగానా అత్తయ్యా?"

"ఆకు నుంచి వచ్చే పిలకకు పసుపు గీత రాదు. పచ్చగానే ఉంటుంది."

"అయితే మీ వార్డు మొక్క కాదా ఇక?"

"ఎందుకు కాదు? గీత లేదంతే." ఆవిడ డబ్బాను నీడలోకి జరిపింది. ఆ వంగిన మనిషి వెంటనే లేవలేదు. "మీ మామయ్యగారు చెప్పింది పట్టుకుని, నిన్నొక్క మాట అడక్కుండా నోరు పారేసుకున్నాను. అనకూడని మాట అన్నాను. మనసులో పెట్టుకోకు."

అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న పిల్ల తడిచీర మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. అత్తగారు లేచి ఆ పిల్ల తల తన భుజానికి ఆనించుకుంది. నీళ్ళాయన మెట్ల మీద నుంచే వెనక్కి తిరిగాడు. ఆ ఇద్దరి ముందుకు వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

మర్నాడు నాలుగున్నరకు మళ్ళీ మెలకువ వచ్చింది. అలవాటుగా మగ్గు నింపుకుని కిటికీ దగ్గరకు వచ్చాడు. స్టూలు ఖాళీగా ఉంది. మగ్గు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఆ మగ్గు పక్కన పెట్టి, బిందెలోంచి మంచినీళ్ళు గిన్నెలో పోసి స్టవ్ వెలిగించాడు. టీ పొడి ఏ డబ్బాలో ఉంటుందో తెలియక నాలుగు మూతలు తీశాడు. ఆ చప్పుడుకు కోడలు లేచి వచ్చింది.

"పై అరలో, ఎడమ పక్కన మామయ్యగారూ."

ఆయన డబ్బా అందుకున్నాడు. వెనక్కి తిరిగి చూడకుండా అన్నాడు. "నిన్న అందరికీ చెప్పాను. నీకే చెప్పలేదు. తప్పయింది తల్లీ."

గిన్నెలో నీళ్ళు మరగడం మొదలైంది.

"నాకు చక్కెర ఒక్క చెంచా చాలు మామయ్యగారూ."

ఏడాదిన్నరలో ఆ పిల్ల ఆయన్ని అడిగిన మొదటి కోరిక అది. ఆయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, చెంచా మీద ఎక్కువైన పలుకులను వేలితో తీసేసి, సరిగ్గా ఒక్క చెంచా వేశాడు.